సెల్ఫ్ కొడితే కారు లేవట్లేదా? బ్యాటరీ కొనే ముందు ఏం చూడాలి, కొనేటప్పుడు ఏం అడగాలి

పొద్దున్నే కారు మొరాయించగానే మన దగ్గర ఎవరైనా అనే మొదటి మాట ‘బ్యాటరీ పోయింది’. ఇంటి పక్కాయన అదే అంటాడు, ఫోన్లో మెకానిక్ అదే అంటాడు, బ్యాటరీ షాపులో అయితే ఇక చెప్పేదేముంది. చాలాసార్లు అది నిజమే. కానీ టెర్మినల్ వదులైనా, డైనమో చార్జింగ్ ఇవ్వకపోయినా, సెల్ఫ్ మోటర్ అరిగినా, రాత్రంతా ఏదో ఒకటి కరెంటు లాగేస్తున్నా పైకి కనిపించే లక్షణాలు ఇంచుమించు ఒకటే. కారణం తేల్చకుండా కొత్త బ్యాటరీ పెడితే కొన్నాళ్లకు అదీ పడుకుంటుంది. చిన్న పెట్రోల్ కారుకైనా నాలుగైదు వేలు, పెద్ద డీజిల్ బండికి ఇంకా ఎక్కువ అయ్యే వస్తువు. తప్పు దానిదేనని రూఢి చేసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.

ఇందుకు పెద్ద సామానేమీ అక్కర్లేదు. మూడు నాలుగు వందలకు దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్, 10 నంబర్ పానా, కాస్త ఎమరీ పేపర్, వంట సోడా, వ్యాజిలిన్. కీ తిప్పడానికి ఇంట్లో ఇంకొకరు ఉంటే చాలు.

ముందు శబ్దం వినండి

బానెట్ తెరవకముందే కారు సగం సంగతి చెప్పేస్తుంది. రేడియో, ఏసీ ఆపేసి కీ తిప్పి చెవి పెట్టండి.

టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జ్ తక్కువైనా అయ్యుండాలి, టెర్మినల్ దగ్గర పట్టు సరిగా లేకపోయైనా ఉండాలి. సెల్ఫ్ మోటర్ మీద ఉండే సోలెనాయిడ్ అనే అయస్కాంత స్విచ్ లాగుతుంది, మోటర్‌కి కరెంటు వెళ్లగానే వోల్టేజీ కూలిపోయి సోలెనాయిడ్ వదిలేస్తుంది, వోల్టేజీ మళ్లీ లేవగానే మళ్లీ లాగుతుంది. ఆ టకటక అదే.

ఒకే ఒక్క ‘టక్’ అని ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మోటర్ మీదికి కూడా పోతుంది. లోపల కార్బన్లు అరిగి ఉండొచ్చు, సోలెనాయిడ్ కాంటాక్టులు కాలి ఉండొచ్చు. ఇక్కడ హెడ్‌లైట్ పరీక్ష బాగా పనికొస్తుంది. గోడకి ఎదురుగా లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు దాదాపు ఆరిపోతే బ్యాటరీనో టెర్మినలో చూడాలి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ ‘టక్’ మాత్రమే వస్తే కరెంటు ఉన్నా మోటర్ దాన్ని తీసుకోవట్లేదని అర్థం, అక్కడ కొత్త బ్యాటరీతో పనిలేదు.

ఇంజిన్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ వీక్ కావడమో, లావు వైర్లలో లోపమో అయ్యుంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఇలా చేస్తే బ్యాటరీ మీద అనుమానం ఎక్కువ. హైదరాబాద్ నుంచి ఆగకుండా వచ్చి, వేడి మీదున్న ఇంజిన్ ఆపి మళ్లీ కొడితేనే ఇలా చేస్తుంటే, చల్లారాక బాగానే లేస్తుంటే, సెల్ఫ్ మోటర్ బుష్‌లు చూపించండి.

సెల్ఫ్ రివ్వున తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి. అక్కడ చూడాల్సింది పెట్రోల్ పంపు, క్రాంక్ సెన్సార్, కీలోని చిప్‌ను కారు గుర్తుపట్టకపోవడం, డీజిల్ బండి అయితే ఫిల్టర్లో నీళ్లు, గాలి పట్టడం, హీటర్ ప్లగ్గులు. కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు పంపు సన్నగా మూలిగిన శబ్దం చాలా పెట్రోల్ కార్లలో వినిపిస్తుంది. ఎప్పుడూ వినిపించేది ఇవాళ లేదంటే పంపు ఫ్యూజు, రిలే చూడాలి. వరి కోతల కాలంలో పొలాల పక్క ఇళ్లలో ఇంకో నేరస్తుడు ఉంటాడు, ఎలుక. సెన్సార్ వైరొక్కటి కొరికినా చాలు, సెల్ఫ్ ఎంత కొట్టినా బండి లేవదు. బానెట్ కింద పెంట, చిత్తు గుడ్డలు కనిపిస్తే ముందు వైర్లు వెతకండి.

అసలు శబ్దమే లేదా? డ్యాష్‌బోర్డు లైట్లు కూడా వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా అడుగంటింది, లేదా టెర్మినల్ ఊడింది, లేదా మెయిన్ ఫ్యూజు పోయింది. లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం ఉలకకపోతే క్లచ్ అడుగుదాకా తొక్కారా, ఆటోమేటిక్ అయితే గేరు పార్కింగ్‌లో ఉందా చూడండి. నవ్వుకోవద్దు, పెద్ద పెద్ద డ్రైవర్లు కూడా ఇక్కడ అరగంట పోగొట్టుకుంటారు.

ఏ సందర్భంలోనైనా ఒక్క విడతలో పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. లేదంటే ఉన్న చార్జ్ పోవడమే కాక సెల్ఫ్ మోటర్ కూడా కాలుతుంది.

టెర్మినల్, ఎర్త్ వైరు

కాజీపేటలో మా బావ కారు. షాపు వాళ్లు వచ్చి చూసి బ్యాటరీ మార్చాలని ధర కూడా చెప్పి వెళ్లారు. లైట్లు వేసి ఒకసారి సెల్ఫ్ కొట్టమన్నాను. “కొడుతనే ఉన్న, టకటక అంటుంది గంతే” అన్నాడు. బానెట్ ఎత్తి మైనస్ క్లాంపును, అంటే వైరు చివరి పట్టును, రెండు వేళ్లతో పట్టుకుని మెలిపెడితే పోస్ట్ (బ్యాటరీ మీది సీసం మొన) చుట్టూ గిర్రున తిరిగింది. చూడ్డానికి మాత్రం శుభ్రంగా ఉంది, తెల్ల పొడి కూడా లేదు. విప్పి చూస్తే క్లాంపు లోపలి గోడకు నల్లటి పొర పట్టి ఉంది. ఎమరీ పేపర్‌తో లోపలా, పోస్ట్ చుట్టూ సీసం మెరిసేదాకా రుద్ది, పానాతో బిగించాం. ఒక్క దెబ్బకే లేచింది. “మరి వాళ్లు గట్లెట్ల చెప్పిర్రు?” అన్నాడు బావ. వాళ్లు మీటరు పెట్టింది పోస్ట్ మీద కాదు, క్లాంపు మీద.

అందుకే మీటరుకంటే ముందు చెయ్యి పెట్టాలి. చేత్తో తిప్పితే క్లాంపు కదలకూడదు. పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోండి. ఆరాక బిగించి, పైన వ్యాజిలిన్ పూయండి. పూత క్లాంపు పైనే, లోపల కాదు. పోస్ట్ సీసంతో చేసింది, మెత్తగా ఉంటుంది, కాబట్టి సుత్తితో కొట్టి క్లాంపు దించడం వద్దు.

మైనస్ నుంచి బయల్దేరే లావు వైరు రెండో చివర బాడీకో, గేర్‌బాక్స్‌కో బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పడితే పైన ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. పాత బండ్లలో ఈ ఎర్త్ బోల్టును చూసినవాళ్లే ఉండరు.

మల్టీమీటర్‌తో మూడు కొలతలు

మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర ముల్లు ప్లస్ పోస్ట్ మీద, నల్లది మైనస్ పోస్ట్ మీద, క్లాంపు మీద కాకుండా నేరుగా సీసం మీదే ఆనించాలి.

మొదటి కొలత కారు రాత్రంతా నిలబడ్డాక, కీ తిప్పకముందే తీసుకుంటే మంచిది. ఇప్పుడే నడిపి ఆపిన బండిలో పైపైన తేలే చార్జ్ వల్ల మీటరు అబద్ధం చెబుతుంది. తొందరైతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఇంకో ఐదు నిమిషాలాగి కొలవండి. 12.6 వోల్టులు ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే దాదాపు ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు. 11.8 కి దిగితే అడుగంటినట్టే. బ్యాటరీలో ఆరు సెల్స్, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. రాత్రంతా చార్జ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే ఒక సెల్ చచ్చినట్టు, దానికి ఇక వైద్యం లేదు.

నిండు వోల్టేజీ కనిపించినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. వోల్టేజీ ట్యాంకులో నీటి మట్టం లాంటిది, లోపల ప్లేట్లు పాడైన బ్యాటరీ పైపు మూసుకుపోయిన ట్యాంకు. నిండుగానే ఉంటుంది, కానీ కుళాయి తిప్పితే ధార రాదు. అందుకే రెండో కొలత.

ముళ్లు పోస్టుల మీదే ఉంచి, లోపల ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఇంజిన్ తిరుగుతున్న ఆ రెండు సెకన్లలో మీటరు ఎంతకు పడిందో చూడండి. 10 పైన నిలిస్తే నిశ్చింత. 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీలో సత్తువ తగ్గినట్టు. మొదటి కొలత 12.5 ఉండి, సెల్ఫ్ కొట్టగానే ఎనిమిదికి కూలితే ఆ బ్యాటరీ పని అయిపోయింది, ఇక మార్చడమే. దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి ఇంకోటుంది. సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, కానీ మీటరు 11 కంటే దిగదు. అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా కరెంటు మధ్యలో ఎక్కడో ఆగుతోంది. నల్ల ముల్లు మైనస్ పోస్ట్ మీద, ఎర్రది ఇంజిన్ మీద శుభ్రమైన ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ వైరు బాగాలేదు. అలాగే ప్లస్ పోస్ట్ నుంచి సెల్ఫ్ మోటర్ బోల్టుకు 0.5 దాటితే ప్లస్ వైరు. రెండూ బాగుంటే సెల్ఫ్ మోటర్ విప్పించాల్సిందే.

చార్జ్ తక్కువున్న బ్యాటరీకి ఈ రెండో పరీక్ష పెట్టి తీర్పు చెప్పకూడదు. ఆకలితో ఉన్నదాన్ని పరిగెత్తించి, పరిగెత్తలేకపోయిందని రోగి అనడమే అది. మొదటి కొలత 12.4 కంటే తక్కువుంటే ముందు విప్పి, చార్జర్ మీద నాలుగైదు ఆంపియర్లతో రాత్రంతా పెట్టి, కొన్ని గంటలు వదిలేసి, అప్పుడు మళ్లీ చూడండి. షాపుల్లో ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. అడుగంటిన బ్యాటరీకి లోడ్ టెస్టర్ (బ్యాటరీ మీద భారం వేసి చూసే మీటరు) తగిలించి, ముల్లు కింద పడగానే ‘పోయింది సార్’ అంటారు. చార్జ్ పెట్టి చూడమని గట్టిగా అడగండి. విసుక్కుంటే ఇంకో షాపుకి వెళ్లండి.

మూడో కొలత ఇంజిన్ ఆన్‌లో ఉండగా. పోస్టుల మధ్య 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, కాస్త రేజ్ చేసినప్పుడు కూడా 13.5 కంటే పెద్దగా దిగకూడదు. 13 కూడా దాటట్లేదంటే డైనమో బెల్టు జారుతోంది లేదా డైనమో పోయింది. 15 దాటి పోతుంటే రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడకబెడుతోంది. ఈ రెంటిలో ఏదున్నా కొత్త బ్యాటరీ కొనడం డబ్బు పారేసుకోవడమే. కొత్త తరం కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ను ఎక్కువ తక్కువ చేస్తుంటుంది. అలాంటివాటిలో మీటరు కాసేపు 12.8 చూపించినా కంగారు పడకండి, లైట్లు, బ్లోయర్ వేసి పెరుగుతుందో లేదో చూసి నిర్ణయించండి.

నిలబెట్టిన కారు

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో, కారు హనుమకొండలో అమ్మానాన్నల దగ్గర. పండక్కో, ఆస్పత్రికో తప్ప బయటికి రాదు. మన ఊళ్లలో బ్యాటరీలు ఎక్కువగా చచ్చేది ఇలాంటి ఇళ్లలోనే అని నా అభిప్రాయం.

లెక్క చూడండి. తాళం వేసిన కారులో కూడా గడియారం, అలారం, కంప్యూటర్ మెమరీ కోసం కొంత కరెంటు పోతూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. కానీ ఆ 50 కూడా రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. 35 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీ రెండు వారాల్లో సగానికి వస్తుంది, నెలకు దాదాపు ఖాళీ. సగం చార్జ్‌లో వారాల తరబడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత చార్జ్ పెట్టినా పూర్వపు సత్తువ రాదు.

‘రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతున్నాం కదా’ అంటారు. పెద్దగా లాభం లేదు. నిలబడి ఉన్న ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి డైనమో ఇచ్చేది తక్కువ, పైగా బ్యాటరీ ఎనభై శాతం దాటాక చార్జ్‌ను చాలా నెమ్మదిగా తీసుకుంటుంది. దానికి బదులు వారానికొకసారి ములుగు రోడ్డు మీదో, కరీంనగర్ రోడ్డు మీదో అరగంట నడపండి. నడిపేవాళ్లు లేకపోతే మైనస్ క్లాంపు విప్పి పక్కన పెట్టడం, లేదా ఆటో కట్ ఉన్న చిన్న చార్జర్ నెలకోసారి తగిలించడం. మైనస్ విప్పే ముందు తాళం చెయ్యి మీ చేతిలోనే ఉందో లేదో చూసుకోండి. రిమోట్ పనిచేయదు, డోరు మామూలు కీతోనే తీయాలి.

రోజూ నడుస్తున్న కారు కూడా రెండు మూడు రాత్రుల్లో డౌన్ అవుతుంటే ఎవరో కరెంటు దొంగిలిస్తున్నారు. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌కామ్, జీపీఎస్ ట్రాకర్, ఆరని డిక్కీ లైటు మొదటి అనుమానితులు. పట్టుకోవాలంటే మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మైనస్ క్లాంపు విప్పి, క్లాంపుకీ పోస్ట్‌కీ మధ్య మీటరు పెట్టండి. తలుపులన్నీ మూసి, కారు నిద్రలోకి జారుకునేదాకా అరగంట ఆగండి. అప్పటికీ 0.05 ఆంపియర్ కంటే ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోండి, ఏది తీయగానే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నట్టు. మీటరు ఇలా తగిలించి ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటరు ఫ్యూజు అక్కడికక్కడే పేలుతుంది.

మేడారం జాతరకు పోయినప్పుడు కారు పొలంలో ఆపి, తలుపులు బార్లా తీసి పాటలు పెట్టుకుని, నాలుగు ఫోన్లు చార్జింగ్ పెడతాం కదా. తిరుగు ప్రయాణం నాడు అక్కడ కేబుళ్లు పట్టుకుని తిరిగే మనిషి కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. సొంతంగా ఒక జత జంప్ కేబుళ్లు డిక్కీలో ఉంచుకోండి.

మన ఎండ

చలి బ్యాటరీని చంపుతుందని అంటుంటారు. మన దగ్గర చంపేది ఎండ. వరంగల్‌లో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలైపోయాయి, రామగుండం, మంచిర్యాల వైపు ఇంకో డిగ్రీ రెండు డిగ్రీలు ఎక్కువే. బానెట్ కింద వేడి అంతకు చాలా పైన ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్య సుమారు రెట్టింపవుతుంది, అంటే ప్లేట్ల లోపలి జాలీ తుప్పు పట్టడం, నీరు ఆవిరైపోవడం కూడా. వేడి మీద ఇంజిన్ ఆయిల్ పల్చగా ఉండి సులువుగా తిరుగుతుంది కాబట్టి ఎండాకాలంలో ఈ దెబ్బ బయటపడదు. తొలి వానలకో, డిసెంబరులో చల్లటి పొద్దునో ఒక్కసారిగా మొండికేస్తుంది. ఆదిలాబాద్ వైపు అయితే చలికాలంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంటుంది కాబట్టి ఇంకా కచ్చితంగా బయటపడుతుంది.

కాబట్టి మూడేళ్లు దాటిన బ్యాటరీకి జూన్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి ఆ రెండో కొలత తీయండి. మూడు నుంచి నాలుగేళ్లు వస్తే మన వాతావరణంలో బ్యాటరీ న్యాయం చేసినట్టే.

మూతలు తీసి నీళ్లు పోసే రకమైతే ఎండాకాలంలో నెలకోసారి చూసి, ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్వో నీళ్లు వద్దు, ఏసీ పైపు నుంచి కారే నీళ్లూ వద్దు, వాటిలో కాయిల్ మీది దుమ్ము, లోహం ఉంటాయి. యాసిడ్ ఎప్పుడూ కలపకండి, ఆవిరయ్యేది నీరే.

గోదావరిఖని, భూపాలపల్లి లాంటి బొగ్గు ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. బ్యాటరీ మూత మీద పేరుకున్న దుమ్ముకు తేమ తగిలితే దాని మీదుగానే ప్లస్ నుంచి మైనస్‌కు సన్నగా కరెంటు పారుతుంది. నల్ల ముల్లు మైనస్ పోస్ట్ మీద ఉంచి, ఎర్ర ముల్లును ప్లాస్టిక్ మూత మీద అక్కడక్కడా ఆనించి చూడండి. మీటరు అర వోల్టో, ఇంకా ఎక్కువో చూపిస్తే తడి గుడ్డతో తుడిచేయాల్సిన టైమ్ వచ్చింది.

కొనాల్సి వస్తే

పరీక్షలన్నీ అయ్యాక కూడా బ్యాటరీయే దోషి అని తేలితే, పాతదాని ఫొటో రెండు వైపుల నుంచి ఫోన్లో తీసుకుని షాపుకి వెళ్లండి. పాతదాని మీద కోడ్ ఉంటుంది. 38బి20ఎల్ అని ఉంటే, మొదటి 38 దాని శక్తిని సూచించే అంకె, బి అనేది వెడల్పు, ఎత్తుల కొలత, 20 అంటే సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, చివరి ఎల్ టెర్మినల్ ఏ వైపు ఉందో చెబుతుంది. మొదటి అంకె కాస్త పెరిగినా ఫర్వాలేదు. మిగతావి మారకూడదు. ఎల్ బదులు ఆర్ తెస్తే మీ కారు వైరు పోస్ట్‌కు అందదు, లాగి అందించబోతే ప్లస్, మైనస్ తారుమారయ్యే ప్రమాదం. డిన్ 44, డిన్ 55 లాంటివి యూరప్ పద్ధతి, ఇవి పొట్టిగా, టెర్మినల్ గుంటలో ఉంటాయి. ఎత్తు తేడా వస్తే ప్లస్ టెర్మినల్ బానెట్ ఇనుముకు తగిలి మంటలు లేవొచ్చు. పోస్టుల మందంలో కూడా సన్నవి, లావువి ఉన్నాయి. సన్న పోస్టుకు లావు క్లాంపు పెట్టి మధ్యలో రేకు ముక్క దోపే పని చేయనివ్వకండి.

‘పెద్ద బ్యాటరీ వేయిస్తే ఇంకా బాగుంటుంది’ అనే సలహా వస్తుంది. ట్రేలో పట్టి, క్లాంపు బిగిస్తే ఐదారు ఏహెచ్ ఎక్కువైనా డైనమోకు ఏమీ కాదు. కానీ చార్జ్ అవ్వకపోవడమే మీ సమస్య అయితే పెద్ద బ్యాటరీ ఇంకొన్ని రోజులు ఆలస్యంగా డౌన్ అవుతుంది, అంతే. సీసీఏ అనే అంకెను కూడా గొప్పగా చెబుతారు. అది సున్నా కంటే 18 డిగ్రీలు తక్కువ చలిలో ఇచ్చే కరెంటు. కంపెనీ చెప్పినదానికి తక్కువ కాకుండా చూసుకోండి, డీజిల్ అయితే ఇంకా జాగ్రత్తగా. అంతకు మించిన సీసీఏ కోసం వరంగల్‌లో అదనంగా డబ్బు పెట్టడం నాకు అర్థం లేని పని అనిపిస్తుంది.

రకం విషయంలో మాత్రం బేరం వద్దు. సిగ్నల్ దగ్గర దానంతట అదే ఆగి మళ్లీ లేచే కార్లలో ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం బ్యాటరీ వస్తుంది. పాతదాని మీద ఆ అక్షరాలుంటే కొత్తదాని మీదా ఉండాలి. రెండు మూడు వేలు తక్కువని మామూలుది వేస్తే, రోజుకు అన్నిసార్లు లేపే పనికి అది తట్టుకోదు. మామూలు కారులో ఈఎఫ్‌బీ వేసుకోవడం తప్పు కాదు, ఊళ్లో ట్రాఫిక్‌లో నడిచే బండికి మంచిదే.

తయారీ తేదీ అడగండి. స్టిక్కర్ మీదో, డబ్బా మీద చెక్కినట్టో నెల, సంవత్సరం ఉంటాయి. కోడ్ రూపంలో ఉంటే షాపతన్ని చదివి చెప్పమనండి. మూడు నెలల లోపుది మేలు, ఆరు నెలలు దాటినది నేనైతే తీసుకోను. షాపులోనే మీ మీటరు పెట్టి చూడండి, 12.5 కంటే తక్కువుంటే ఇంకోటి తీయమనండి. అమ్ముడుపోక అటక మీద ఎండలో మగ్గిన బ్యాటరీ కొత్తదైనా పాతదే. అందుకే చిన్న ఊళ్లో అరకొరగా అమ్మే చోటు కంటే రోజూ నాలుగు బ్యాటరీలు కదిలే షాపు నయం. ఎక్సైడ్, అమరాన్ రెండూ వరంగల్, కరీంనగర్, మంచిర్యాలలో ఎక్కడైనా దొరుకుతాయి. అమరాన్ తయారుచేసే అమర రాజా 1985లో మొదలైన మన తెలుగు కంపెనీయే. ఈ రెంటి మధ్య కొట్లాట పెట్టుకోవడం కంటే, మీ ఇంటికి దగ్గర్లో వారంటీ సర్వీసు ఎవరిది బాగుందో దాన్ని తీసుకోండి. రోడ్డు పక్క ‘అసెంబుల్డ్’ అని సగం ధరకు ఇచ్చేవాటి జోలికి పోవద్దు. లోపల పాత ప్లేట్లు ఉన్నా మీకు తెలిసే దారి లేదు.

వారంటీ 60 నెలలు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో మొదటి భాగంలో పాడైతే ఉచితంగా మారుస్తారు, మిగతా భాగంలో ప్రో రేటా లెక్కన, అంటే వాడిన కాలాన్ని బట్టి, కొత్తదాని మీద కొంత తగ్గింపు మాత్రమే. ఆ విభజన 30, 30 ఉందా, ఇంకోలా ఉందా అన్నది అడగండి. తగ్గింపును ఎమ్మార్పీ మీద లెక్కిస్తారు. బయట మార్కెట్ ధర ఎమ్మార్పీ కంటే బాగా తక్కువ ఉంటుంది కాబట్టి చివరి నెలల్లో ప్రో రేటాతో తీసుకున్నా, మామూలుగా కొన్నా ఒకటే అవుతుంది. ఉచితంగా మార్చిన బ్యాటరీకి వారంటీ మళ్లీ మొదటి నుంచి మొదలవదు, మొదటి బిల్లు తేదీ నుంచే లెక్క. టాక్సీగా తిప్పే బండికి వారంటీ వేరుగా, తక్కువగా ఉంటుంది. సొంత బండి పేరుతో తీసుకుని కిరాయికి తిప్పితే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు, కారు నంబరు రాయించుకుని, కార్డు మీద ముద్ర వేయించుకుని, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ షాపులో ఉండగానే చేయించండి. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి ‘బిల్లు వద్దంటే తగ్గిస్తా’ అనే మాటకు లొంగకండి, బిల్లు లేకపోతే వారంటీ లేదు.

పాతది షాపుకే ఇచ్చేయండి. సీసం విలువను బట్టి ధరలో తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. తుక్కు సామాన్ల బండికి వేస్తే యాసిడ్ ఏ కాలువలోకి పోతుందో చెప్పలేం.

బిగించేటప్పుడు

ఉంగరం, వాచీ తీసేయండి. కీ బయట పెట్టుకోండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. పెట్టేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. మైనస్ విప్పేశాక పానా పొరపాటున బాడీకి తగిలినా ఏమీ కాదు, అందుకే ఆ వరస. ట్రే కింద తుప్పు ఉంటే సోడా నీళ్లతో కడిగి ఆరనివ్వండి. బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు తప్పకుండా బిగించాలి. మన రోడ్ల మీద కదిలే బ్యాటరీలో ప్లేట్లు తొందరగా రాలిపోతాయి. యాసిడ్ చర్మం మీద పడితే వెంటనే బాగా నీళ్లతో కడగండి, కంట్లో పడితే కడుగుతూనే ఆస్పత్రికి వెళ్లాలి.

మార్చాక గడియారం, స్టీరియో సెట్టింగులు పోతాయి. కొన్ని కార్లలో పవర్ విండో ఆటో పనిచేయదు, అద్దాన్ని పూర్తిగా పైకి ఎక్కించి స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలావాటిలో సరిపోతుంది. యూరప్ కంపెనీల ఖరీదైన కార్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు స్కానర్‌తో కంప్యూటర్‌కు చెప్పాల్సి ఉంటుంది, ఆ పరికరం ఉన్న షాపుకే వెళ్లండి.

దారిలో ఆగిపోతే

జంప్ ఇచ్చేటప్పుడు ఎర్ర కేబుల్ ఒక చివర డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం ఆగిన కారు ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చివరి నిప్పురవ్వ దాని దగ్గర పడకూడదు. రెండో కారు ఇంజిన్ ఐదు నిమిషాలు నడిచాక సెల్ఫ్ కొట్టండి. లేచాక కేబుళ్లను పెట్టిన వరసకు తిరగేసి తీయండి. ఉబ్బిన, పగిలిన బ్యాటరీకి జంప్ ఇవ్వకూడదు.

తోసి లేపడం పాత కాలం మాట. ఇప్పటి బండ్లలో బ్యాటరీ పూర్తిగా డౌన్ అయితే పంపు, కంప్యూటర్ పనిచేయవు, ఎంత తోసినా లేవదు. ఆటోమేటిక్‌ను తోసి లేపే ప్రయత్నం అసలే వద్దు.

ఇంకొక సందర్భంలో సెల్ఫ్ ముట్టుకోనే కూడదు. 2023 జులై చివరి వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు కార్లు కిటికీల దాకా నీళ్లలో నిలబడ్డాయి. నీళ్లు తగ్గగానే ఆదుర్దాగా సెల్ఫ్ కొడితే, గాలి పైపు గుండా సిలిండర్లోకి చేరిన నీరు నలగక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ ఖర్చుతో పోయేది ఇంజిన్ ఖర్చు దాకా వస్తుంది. నీళ్లు చక్రాల సగం దాటాయంటే మైనస్ విప్పి, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి, బండిని లాగించుకుని పోండి.

కొత్త బ్యాటరీ బిగించిన రోజే దాని మీద మార్కర్‌తో తేదీ రాయండి. మర్నాడు పొద్దున మొదటి, రెండో కొలతలు తీసి బిల్లు ఫొటోతో పాటు ఫోన్లో దాచుకోండి. వచ్చే జూన్‌లో మళ్లీ కొలిచినప్పుడు పక్కన పెట్టి చూడటానికి మీ కారు అంకెలే ఉంటాయి.